నలుగురి విస్తరి

మొన్న మనవరాలి పుట్టినరోజుకి మా కోడలు రుషికొండ దారిలో కొత్తగా పెట్టిన ఆర్గానిక్ కొట్టు నుంచి ఆకు విస్తళ్ళు తెచ్చింది. ఇంట్లోకి ప్లాస్టిక్ రానివ్వకూడదని ఈ మధ్య ఆ పిల్లకి పట్టుదల వచ్చింది. కూరలకి గుడ్డసంచి, తలకి కుంకుడుపొడి, గిన్నెలు తోమడానికి కొబ్బరిపీచు, మేడ మీద తొక్కలూ ఆకులూ ఎరువు చేసే డ్రమ్ము, ఇలా ఒక్కొక్కటే వచ్చి చేరుతుంటే నాకు మాత్రం ఎప్పుడో దూరమైన చుట్టాలు ఒక్కొక్కరే తిరిగి గడప తొక్కుతున్నట్టు ఉంది. విస్తళ్ళ కట్ట మీది కాగితం నేనే చదివాను. చదువు నాకు ముసలితనంలో వచ్చింది, మనవరాలు పక్కన కూర్చుని దిద్దించిన చదువు, అందుకని అక్షరం ఏది కనబడినా కూడబలుక్కోకుండా వదలను. కొండ అడవుల ఆకు అనీ, ఏ మందూ తగలని ఆకు అనీ, వాడి పారేశాక మట్టిలో కలిసిపోతుందనీ రాసి ఉంది. చదివి, ఒక విస్తరి చేతిలోకి తీసుకుని, నాకు తెలియకుండానే వెనక్కి తిప్పి, పుల్ల కొస కోసం వేలితో తడిమాను. పుల్ల లేదు. మిషను మీద అదిమి చేసినది కాబోలు, కంచంలా చుట్టూ అంచు లేచి నున్నగా ఉంది, ఎక్కడా కుట్టన్నదే లేదు.

మా అమ్మ విస్తళ్ళు కుట్టేది. పూర్ణా మార్కెట్ వెనక సందులో మాది ఒక్కటే గది, ముందు ఒక అరుగు. నాన్న హార్బరులో కళాసీ. కొండల మీద నుంచి మార్కెట్‌కి అడ్డాకులు కట్టలు కట్టలుగా దిగేవి. అమ్మ వాటిని ఎంచి తెచ్చి, నీళ్ళు చిలకరించి, తడిగోనె కప్పి, పైన బరువు పెట్టి ఉంచితే, పెళపెళలాడే ఎండుటాకు తెల్లారేసరికి తోలులా మెత్తబడేది. ఇక ఆకు మీద ఆకు వేయడం, సన్నగా చీల్చిన వెదురుపుల్లతో గుచ్చడం, తిరగ్గుచ్చడం, మిగిలిన పుల్లని టప్పున తుంచడం. ఆ టప్పు టప్పు వింటూనే నేను పెరిగాను. బడికి పోయే ఈడు వచ్చేసరికి నా వేళ్ళు కూడా ఆ పనికి అక్కరకు వచ్చాయి గనక బడి సంగతి ఇంట్లో ఎవరికీ తోచలేదు, నిజం చెప్పాలంటే నాకూ తోచలేదు. మనవరాలు మొదటిసారి పెన్సిలు చేతికిచ్చినప్పుడు నేను దాన్ని పుల్ల పట్టినట్టే పట్టుకున్నానట, ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

మా ఎదురింట్లో ఒక సాయిబుల కుటుంబం ఉండేది. ఆయన మార్కెట్లో తాళాలు బాగుచేసేవాడు, ఆవిడ పాత చీరలతో బొంతలు కుట్టేది. పిల్లలందరికీ ఆవిడ ఖాలా, అంటే వాళ్ళ మాటలో పిన్ని, మా అమ్మకి మాత్రం బూబమ్మ. ఈ అరుగు మీద అమ్మ పుల్లతో, ఆ అరుగు మీద ఖాలా సూదితో, మధ్యలో సందంతా మాటలు. అంత స్నేహంలోనూ ఒక్క ఎడం ఉండేది. అమ్మ వాళ్ళింట్లో తినేది కాదు. విరోధమేమీ లేదు, పల్లెలో అత్తవారింట నేర్చుకున్న కట్టుబాటు పట్నం వచ్చినా వదల్లేదు, అంతే. ఆ సంగతి ఖాలా ఎన్నడూ ఎత్తేది కాదు. రంజాన్ వస్తే సేమియా, పంచదార, జీడిపప్పు వండకుండా విడివిడిగా పొట్లాలు కట్టి పంపేది, అమ్మ మా పొయ్యి మీద వండుకునేది. నేను మాత్రం ఖాలా చిన్నకూతురి పక్కన చేరి వాళ్ళ వంట తినేదాన్ని. అమ్మ చూడనట్టు ఊరుకునేది.

ఖాలా పెద్దకూతురికి భీమిలి సంబంధం కుదిరింది. సందులో ఏ పెళ్ళయినా వాళ్ళ వాళ్ళు అన్నం వడ్డించే తబకులు, అంటే పెద్ద పెద్ద రాగి పళ్ళేలు, సరిగ్గా అప్పుడే ఇంకో ఊరి పెళ్ళికి పోయి తిరిగి రాలేదు. దాంతో ఖాలా విస్తళ్ళు కుట్టమని అమ్మని అడిగింది. పెళ్ళినాటి పొద్దున్నే నేనూ అమ్మా విస్తళ్ళ దొంతరలు నెత్తిన పెట్టుకుని వెళ్ళి వాళ్ళ నడవలో దించాం. ఖాలా కొత్త చీర కట్టుకుని వచ్చి, పై విస్తరి చేతిలోకి తీసుకుని, దాని వంకా అమ్మ వంకా మార్చి మార్చి చూసింది.

"ఇదేటి వదినా, బొమ్మల పెళ్ళికి కుట్టినావేటి?"

"సిన్నయి అయిపోనాయేటి బూబమ్మా? మనిసి కడుపు నిండా తినొచ్చు గదా."

"మనిసికో ఆకేటి! మా కాడ నలుగురికీ ఒక్కటే తబకు. ఇన్నేళ్ళు ఎదురుగుండా ఉన్నావు, మేం ఎలగ తింతామో సూడనేదా?"

"నీ ఇంట్లో నానెప్పుడు కూకున్నాను, సూడ్డానికి?"

ఆ మాట అన్నాక అమ్మే నాలుక కరుచుకుంది. ఖాలా మెట్టు మీద కూలబడిపోయింది. ఒక తబకు చుట్టూ పెళ్ళికూతురి వైపు వాళ్ళు ఇద్దరు, పెళ్ళికొడుకు వైపు వాళ్ళు ఇద్దరు కలిసి కూర్చోవడం వాళ్ళ పద్ధతి, ఆ అన్నంలో చేతులు కలిస్తేనే చుట్టరికం కలిసినట్టు.

"ఇడివిడిగా ఆకులేత్తే, మమ్మల్ని ఎడంగా కూకోబెట్టీసినారని భీమిలోళ్ళు నా కూతుర్ని బతికున్నన్నాళ్ళూ దెప్పుతారు వదినా" అంది ఖాలా, కళ్ళ నిండా నీళ్ళతో.

"ఓలమ్మ, పెళ్ళిపూట ఏడుపేటి! కుట్టిందీ నానే, కలిపీదీ నానే. పుల్లలట్టుకు రాయే" అని నన్ను తరిమింది అమ్మ.

నాలుగు విస్తళ్ళ అంచులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కించి, మధ్యలో మిగిలిన సందు మీద ఐదోది మూతలా వేసి, చుట్టూ పుల్లలు గుచ్చితే ఒక పెద్ద విస్తరి తయారైంది, చిన్నపిల్లని పడుకోబెట్టవచ్చు. ఖాలా కూడా ఊరుకోలేక బొంత సూది, దారం పట్టుకొచ్చి ఒక కుట్టు వేసింది, దారం లాగగానే ఆకు చర్రున చిరిగింది.

"నీ సూది బొంతలకే గాని ఆకుకి కాదు, ఒగ్గీ. పుల్లలు సీల్సు" అని అమ్మ కసిరింది.

పెళ్ళికూతురి తల్లి అలా కొత్తచీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని మా పక్కన కూర్చుని వెదురు చీల్చింది. గోరింటాకు చేతులతో పెళ్ళికూతురే సాయానికి వస్తే ఇద్దరూ ఒక్క గొంతుతో తిట్టి లోపలికి పంపేశారు. మసీదులో నమాజు ముగిసి మగవాళ్ళు వచ్చే వేళకి ఆఖరి పుల్ల తుంచాం.

వేడి బిర్యానీ పడగానే ఆకులోంచి అడవి వాసన గుప్పుమని లేచింది. బరువుకి ఆకు ఆగుతుందో లేదోనని అమ్మ గుమ్మం చాటున నిలబడి చూస్తోంది. ఆగింది. భీమిలి పెద్దాయన ఒకాయన ఈ వాసనకి రెండు ముద్దలు ఎక్కువ పోతాయన్నాడట, ఆ మాట ఎవరో ఆడవాళ్ళ గదిలోకి మోసుకొచ్చాక గాని ఖాలా ముఖంలో నవ్వు రాలేదు. అందరి భోజనాలూ అయ్యాక, ఇంటికి బయలుదేరుతున్న అమ్మ చెయ్యి ఖాలా పట్టుకుంది.

"కుట్టినదానివి నువ్వు. రుసి సూడకండా ఎలగెల్తావు?"

అమ్మ నా వంక చూసింది, గుమ్మం వంక చూసింది, తర్వాత పైట నడుముకి దోపుకుని మెల్లగా కూర్చుంది. ఖాలా, అమ్మ, నేను, ఖాలా చిన్నకూతురు, ఒక్క విస్తరి చుట్టూ నలుగురం. ఎవరి ఎదురుగా ఉన్నది వాళ్ళే తినాలి, అది మర్యాద. ఖాలా తన ముందున్న మంచి ముక్కని వేలితో అమ్మ వైపు తోసింది. అమ్మ మాటల్లో ఉన్నట్టు నటిస్తూ దాన్ని నా వైపు తోసింది. నేను నా స్నేహితురాలి వైపు తోశాను. తను వాళ్ళమ్మ వైపు తోసింది. తిరిగి తిరిగి తన ముందుకే వచ్చిన ముక్కని చూసి ఖాలా "ఈ ముక్కకి సొంతిల్లు నేదేటే!" అని నవ్వితే, అమ్మ పొలమారేదాకా నవ్వింది. తిన్నాక విస్తళ్ళు సందులో వేస్తే మేకలు వచ్చి పుల్లలు మాత్రం ఏరి వదిలేసి వెళ్ళాయి, సాయంత్రానికి అక్కడ పెళ్ళి జరిగిన ఆనవాలే లేదు.

ఆ తర్వాత రంజాన్‌కి ఖాలా పొట్లాలు కట్టలేదు, వండిన గిన్నే పంపింది. నలుగురి విస్తరి కావాలని సందులో వాళ్ళు అమ్మని అడిగి కుట్టించుకునేవారు, మెరిసే కాగితం ప్లేట్లు వచ్చేదాకా. నాకు పెళ్ళయింది, మా ఆయనకి స్టీలు ప్లాంటులో పని దొరికి గాజువాక వచ్చేశాం. ఇప్పుడు ఆ అరుగుల మీద అమ్మా లేదు, ఖాలా లేదు.

పుట్టినరోజునాడు కొడుకు, కోడలు, మనవరాలు, నేను, సరిగ్గా నలుగురం కింద కూర్చున్నాం. అంతకు ముందు వంటింట్లో చీపురుపుల్ల ఒకటి కడిగి, కొత్త విస్తళ్ళు రెండు కలిపి గుచ్చబోయాను. అదిమిన ఆకు కదా, పుల్ల తగలగానే పెళుక్కున చీలింది. "ఏటి నానమ్మా, పాడు సేత్తన్నావ్?" అని మనవరాలు లాక్కుంది. ఆకు తిరిగి ఇంటికి వచ్చింది, అందుకు నా కోడలంటే నాకు ముద్దు. ఆకుతో పాటు వచ్చేవన్నీ ఒక్కసారే వస్తాయని నేను ఆశపడ్డానేమో.

తింటుంటే మనవరాలు తన విస్తరిలోంచి ఒక మంచి ముక్క తీసి నా విస్తరిలో వేసింది. పాత అలవాటున వేలితో దాన్ని పక్కకి తోశాను. అది కొంచెం జరిగి, అంచుకి తగిలి ఆగిపోయింది.