కండ్లు మూసుకొని ఉన్న అని చెప్పిన

జర దగ్గరికొచ్చి కూసో బిడ్డా. ఆ వీడియోలు బంద్ చెయ్యి, సక్కగ ఇను. నేను చెప్పింది చెప్పినట్టే ఫోన్ల రాయి, నీ కాలేజి తెలుగు నా నోట్ల పెట్టకు. ఇది మన సంఘం వాట్సాప్ గ్రూపుల పెట్టాలె. మీ మేనత్త పెండ్లి కాకముందు సంది ఒక మాట నా గొంతుల ముల్లోలె ఉన్నది. మింగుదామంటె దిగది.

అప్పుడు బోధన్ల చక్కెర ఫ్యాక్టరీ నడుస్తుండె. మన పాత పాస్టరు, గిప్పుడు రిటైరై నిజామాబాదుల ఉంటడు సూడు, గాయినె, ఆరాధన అయినంక పానం బాగలేనోళ్ల తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుండె. ఓ ఆదివారం నా పక్కన ఒకామె మోకరించింది. నా చెల్లె ఈడుది. మొగడు పోయి ఏడాది కాలే, చెరుకు తోటల కూలి చేస్తుండె. జ్వరం ఇడుస్తలేదని వచ్చింది. అందరం కొంగులు కప్పుకొని కండ్లు మూసుకున్నం.

ప్రార్థన పొడుగైంది. నేను కండ్లు తెరిచిన. ఎందుకు తెరిచిన? పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చిన, యాళ్ల ఎంతైందో సూద్దామని. సూస్తె ఆయన చెయ్యి ఆమె తలమీద లేదు. ఉండకూడని తాన ఉన్నది. ఆమె కట్టెలెక్క బిగుసుకపోయింది. ఆయన నోరు మాత్రం స్తోత్రం, స్తోత్రం అంటనే ఉన్నది.

తెల్లారి ఆమె సంఘం పెద్దలకు చెప్పింది. నన్ను పిలిపించిండ్రు.

"అమ్మా, నువ్వు పక్కనే ఉంటివి. ఏమన్న సూసినవా?"

"ప్రార్థనల ఉన్ననయ్యా. కండ్లు మూసుకొని ఉన్న."

"సూడలేదన్నట్టు."

"ప్రార్థనల కండ్లు ఎవలు తెరుస్తరయ్యా?"

గంత భక్తిగ అన్న. ఆమె నా దిక్కు సూసి "అక్కా" అన్నది. గంతే.

ఆమెది అబద్ధమన్నరు. ప్రభువు బల్లకు రానియ్యలే. అందరికి రొట్టె, ద్రాక్షరసం పంచుతుంటె ఆమె వెనక గోడకు కూసున్నది. మల్ల రాలే. రుద్రూరు దిక్కు పనికి పోయింది.

నేనెందుకట్లన్న? మీ మేనత్త పెండ్లి ఆయనే చెయ్యాలె, అది ఆగుతదేమో అని అన్ననని ఏండ్లకేండ్లు నాకు నేనే చెప్పుకున్న. అదీ అబద్ధమే బిడ్డా. పెండ్లి చేసెటందుకు ఇంకో పాస్టరు దొరకడా? స్త్రీల కూటానికి నేను పెద్దను. ప్రార్థన తల్లి అని పిలుస్తుండ్రి. ఈ తల్లి మోకాళ్ల మీద ఉండి, కండ్లు తెరిచి పొయ్యి మీది పప్పు యాది చేస్తదని తెలిస్తె ముందు చాప మీద నా జాగ పోతదని. గంత చిన్నదానికి ఒక మనిషిని బయట పడేసిన.

ఇప్పుడు వచ్చే ఆదివారం ఆ పాస్టరుకు సన్మానం చేసి శాలువ కప్పుతరట. అందరికన్న ముసలిదాన్నని ఆయన సేవ గురించి సాక్ష్యం చెప్పుమన్నరు. చెప్త, ఉన్నదే చెప్తనన్న. నిన్న ఇద్దరు పెద్దలు ఉరికొచ్చిండ్రు, నువ్వే గద చాయ్ ఇచ్చినవ్. దైవజనుని మీద నోరు తెరవద్దట. సంఘం పేరు పోతదట. ఆమె పేరు పోయిననాడు ఎవ్వలూ ఉరుకలే. దేవుడు ఎప్పుడో క్షమించి ఉంటడు తియ్ అమ్మా అన్నరు. మీకేమన్న ఫోన్ చేసి చెప్పిండా అన్న. చాయ్ గ్లాసులు ఆడ్నే పెట్టి లేచిపోయిండ్రు.

మొన్న రుద్రూరు పోయిన. ఆమె గుడ ముసల్దైంది. అంత చెప్పి కాళ్లు పట్టుకోబోతె ఎనక్కి తీసుకున్నది. "నాకెందుకు చెప్తున్నవక్కా, నాకు తెల్వదా? అప్పుడు నిన్ను అడిగినోళ్లకు చెప్పు" అన్నది. కూసోమని గుడ అనలే. ఎందుకనాలె?

అందుకే గ్రూపుల పెట్టుడు. నన్ను బల్లకు రానియ్యకుంటె రానియ్యకపోనీ. ఆయనకు శాలువ కప్పితె కప్పనీ, తెలిసి కప్పుతరు. నేను మోసింది ఇగ మొయ్య. ఆమె పేరు మాత్రం రాయకు, గది ఆమె ఇష్టం. కింద నా పేరు రాయి, ఇంటిపేరుతోని. ఎవలో గిట్టనోళ్లు పంపిండ్రనొద్దు.

అగో, రొట్టెలు సల్లారుతున్నయని మీ అమ్మ పిలుస్తున్నది. వస్తున్ననే, జర ఆగు. నువ్వు రాయి బిడ్డా. గీ మాట చెప్తున్నది, ఆనాడు సూసి సూడలేదన్నది నేనే. ఇగ కింద నా పేరు రాయి.