మామగారి రూటరు తీయించిన అల్లుడు

మా మామగారిది పాలకొల్లు దగ్గర ఒక ఊళ్లో ఇంటర్నెట్ వ్యాపారం. ఒకప్పుడు కేబుల్ టీవీ లైన్లు వేసేవారు. ఇప్పుడు అవే స్తంభాల మీద ఫైబర్ లాగి చుట్టుపక్కల ఇళ్లకు నెట్ ఇస్తున్నారు. పెళ్లయిన కొత్తలో నాకు వర్క్ ఫ్రమ్ హోమ్ దొరికితే నా గేమింగ్ కంప్యూటర్ కూడా వెంట తెచ్చుకుని నెల్లాళ్లు అక్కడే ఉన్నాను.

నేను హైదరాబాదులో పుట్టి పెరిగినవాణ్ణి. ఆ ఇంట్లో అల్లుడి మాటకు ఎవరూ ఎదురు చెప్పరని మొదటి వారంలోనే తెలిసింది. కూరలో ఉప్పు ఎక్కువైందంటే మా అత్తగారు వేరే కూర వండేశారు. గదిలో ఫ్యాన్ చప్పుడు చేస్తోందంటే మర్నాటికి కొత్త ఫ్యాన్ తిరుగుతోంది. మొదట్లో మొహమాటపడ్డాను. తర్వాత్తర్వాత అలా జరగకపోతే కోపం రావడం మొదలైంది.

మామగారి ఆఫీసంటే ఇంటి ముందు గది. అన్ని ఇళ్ల కనెక్షన్లూ అక్కడున్న ఒక రూటరు గుండానే వెళ్తాయి. నెట్‌వర్క్ పని తప్ప వేరే పని చెయ్యని పెట్టె అది. ఒకరోజు ఆయన దాని మీద చెయ్యి పెట్టి చూసి, "బాగా వేడెక్కిపోతోందండి. రాజమండ్రి డీలరుగారు కొత్తది తీసుకోమంటన్నారు" అన్నారు.

నేను ఫోన్లోంచి తలెత్తాను. "ఆ డీలరు మిమ్మల్ని ముంచుతున్నాడు మామయ్యగారూ. దీని లోపలుండేది కూడా ఒక చిన్న కంప్యూటరే. ఈ రోజుల్లో దీనికి విడిగా పెట్టె ఎవరు కొంటారు? నా గేమింగ్ కంప్యూటర్ ప్రాసెసర్ ముందు ఇదెంత?"

"అంతేనంటారా."

"అంతే. మీ బిల్లింగు, కెమెరాలు, రూటరు పని, అన్నీ ఆ ఒక్కదాంట్లోనే పెట్టేస్తాను."

"ఆయ్, అలాగేనండి. శుక్రవారం మాత్రం కొంచెం..."

"శుక్రవారం ఏముందండీ? చూసుకోవాల్సింది ఆదివారం. అందరూ ఇళ్లలో ఉండి సినిమాలు చూసేది ఆ రోజే. ఆదివారం గట్టెక్కితే ఇక తిరుగులేదు."

 ఆయన రూటరు తీసి, ఒక పాత తువ్వాలులో చుట్టి బల్ల కింద పెట్టారు. దాని చోట నా కంప్యూటర్ బిగించాను.

ఆదివారం హాయిగా గడిచిపోయింది. స్పీడ్ టెస్టులో వచ్చిన అంకెల్ని స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెట్టుకున్నాను. భోజనాల దగ్గర మామగారికి చూపించి, "ఇప్పుడేమంటారు?" అన్నాను. ఆయన నవ్వి, నా విస్తట్లో ఇంకొంచెం నెయ్యి వెయ్యమని అత్తగారికి చెప్పారు.

ఆ శుక్రవారం సాయంత్రం కొబ్బరికాయలు ఒలిచే పని చేసే ఒకాయన, తెల్ల చొక్కా వేసుకుని, చేతిలో ఫోన్ పట్టుకుని వగరుస్తూ వచ్చాడు. ఆయన కూతురికి ఆ రోజు ప్రధానం. అంటే ఉంగరాలు మార్చుకునే రోజు. ఆయన భార్య కువైట్లో ఒక ఇంట్లో పని చేస్తోంది. అక్కడ సెలవు శుక్రవారం. ఆ ఇంటి యజమానురాలు ఆవిడకు తీరిక ఇచ్చేది ఆ ఒక్క మధ్యాహ్నమే, మనకు అది సాయంత్రం. తల్లి ఫోన్లోనైనా చూస్తుందని ప్రధానం ఆ వేళకు పెట్టుకున్నారు.

"బొమ్మ ఆగిపోయిందండి" అన్నాడాయన మామగారితో. "పిల్ల తల్లి మొహం ఓ పక్కకి తిరిగి అలా నిలిచిపోయింది. మాట కూడా ముక్కలు ముక్కలుగా వస్తోందండి. పాస్టరుగారు ప్రార్థన మొదలెట్టకుండా కూర్చున్నారు."

మామగారు నోరు తెరిచేలోగా నేను లేచాను. "ఏదీ, ఆ ఫోన్ ఇలా ఇవ్వండి. ఇదెప్పటిదండీ? ఇలాంటి దాంట్లో వీడియో ఎలా వస్తుందనుకున్నారు?"

"పొద్దున్న పెళ్లికొడుకు వాళ్లతో మాట్లాడితే బానే వచ్చిందండి" అన్నాడాయన మెల్లగా.

"పొద్దున్న వచ్చింది, ఇప్పుడు పాడైంది. పాత ఫోన్లు అంతే."

అప్పటికే మామగారి ఫోన్ మోగుతోంది. ఒకరి తర్వాత ఒకరు, అందరిదీ ఒకటే ఫిర్యాదు. మా ఆవిడ లోపల్నుంచి వచ్చి, "అన్ని ఇళ్లలోనూ ఫోన్లు పాడయ్యాయా?" అంది నాతో. "ఈ ఊళ్లో సగం ఇళ్లకి కువైట్లో మనుషులున్నారు. అందరూ మాట్లాడుకునేది శుక్రవారమే. అడిగితే చెప్పేదాన్ని."

కంప్యూటర్ ముందు కూర్చుని చూశాను. ప్రాసెసర్లో పనిని పంచుకునే కోర్లు చాలా ఉంటాయి. వాటిలో ఒక్కటి నూటికి నూరు శాతం పని చేస్తూ చచ్చిపోతోంది. మిగతావన్నీ ఖాళీగా ఉన్నాయి. చూడగానే అర్థమైంది. సినిమా డేటా పెద్ద పెద్ద పొట్లాలుగా వస్తుంది. వీడియో కాల్ డేటా చిన్న చిన్న పొట్లాలుగా, లెక్కలేనన్ని వస్తుంది. వచ్చిన ప్రతి పొట్లానికీ ప్రాసెసర్ చేతిలో పని ఆపి, అది ఎక్కడికెళ్లాలో చూసి పంపాలి. చిన్నదైనా పెద్దదైనా ఆ శ్రమ ఒకటే. రూటరు పెట్టెలో ఆ పనికోసమే పుట్టిన చిప్పు ఉంటుంది. నా స్పీడ్ టెస్టు కొలిచింది పెద్ద పొట్లాలనే. ఇదంతా నేను చదువుకున్నదే.

ఆ మాట పైకి చెప్పాల్సింది అప్పుడే. నేను చెప్పలేదు.

"తప్పు నాదేనండి" అన్నారు మామగారు పిల్ల తండ్రితో. "కొత్త పెట్టె కొనకుండా కక్కుర్తి పడి ఏదో చేశాను."

"అదేంటండీ. పిల్ల ప్రధానం అని ముందే చెప్పాను కదండీ మీకు."

"చెప్పారండి. నా బుద్ధి గడ్డి తింది."

"మిమ్మల్ని నమ్ముకునే కదండీ ఈ వేళకి పెట్టుకున్నాం."

మామగారు తల వంచుకుని విన్నారు. నేను నా ఫోన్లోకి చూస్తూ నిలబడ్డాను. అందులో చూడ్డానికి ఏమీ లేదు. తెరను పైకీ కిందకీ జరుపుతున్నాను, అంతే.

మామగారు వంగి, బల్ల కింద తువ్వాలు విప్పి, పాత రూటరు తీసి వైర్లు తగిలించారు. అది ఆన్ అయి అన్ని ఇళ్లకూ నెట్ అందేసరికి కువైట్లో ఆవిడను పనికి పిలిచేశారు. పాస్టరుగారు ఆగగలిగినంత సేపు ఆగి, ప్రార్థన చేసి ఉంగరాలు మార్పించారట. తల్లి చూడలేదు.

"తప్పు నాదన్న ఆ మాట నువ్వు అనాల్సింది" అంది మా ఆవిడ తర్వాత.

"నన్నెవరూ అడగలేదు."

"అల్లుణ్ణి ఎవరడుగుతారు ఇక్కడ?"

ప్రాసెసర్‌కి ఆ పని అస్సలు చేతకాదని ఇప్పటికీ అనను. దానికి తగిన నెట్‌వర్క్ కార్డు వేసి, పనిని అన్ని కోర్లకూ పంచి, అడ్డమైన పనులూ దాని నెత్తిన పెట్టకుండా ఉంటే ఆ ఊరికి సరిపోయేదేమో. కానీ అది నా గదిలో, నా ఆటలతో తేల్చుకోవాల్సిన విషయం. ఇంకొకరి కూతురి ప్రధానంతో కాదు. పైగా నాది తెలివి అని నేను అనుకున్నదాంట్లో సగం అల్లుడి హోదా. నా వాదన గెలిచిందనుకున్నాను గానీ అసలు అక్కడ వాదించినవాళ్లెవరున్నారు?

మర్నాడే మామగారు రాజమండ్రి వెళ్లి కొత్త రూటరు తెచ్చారు. తర్వాతి శుక్రవారం ఆ ఇంటివాళ్లు పిల్లకు అదే చీర కట్టించి, పెళ్లికొడుకును పిలిపించి, తల్లి చూడ్డానికని ఉంగరాలు మళ్లీ మార్పించారు. మామగారూ నేనూ వెళ్లాం. నన్ను ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. మంచినీళ్లు ముందు నాకే ఇచ్చారు. "పాలకొల్లంతా వెతికినా ఇంత చదువుకున్న అల్లుడు దొరకడండి" అని పిల్ల తండ్రి ఎవరికో చెబుతున్నాడు.

వీడియో చక్కగా వస్తోంది. ఫోన్ పట్టుకునే పని నేనే అడిగి తీసుకున్నాను. తెరలో ఆవిడ తల మీద కొంగు సర్దుకుని కళ్లు తుడుచుకుంటోంది. అందరూ వింటుండగానే, "అమ్మా, ఆ రోజు తప్పు మా మామగారిది కాదండి. నాది. ఆ రూటరు తీయించింది నేనే. మీ ఫోన్ పాతదని మీ ఆయన్ని కూడా అన్నాను" అన్నాను.

 ఆవిడ నవ్వింది.

"అల్లుడుగారు తప్పు చెయ్యడమేంటండీ. మావగారికి మాట రాకూడదని మీరు మీదేసుకుంటన్నారు. నాకు తెలవదా."

"కాదండి, నిజంగా నేనే."

"చూశారా ఎంత మర్యాదో" అన్నాడు పిల్ల తండ్రి పక్కాయనతో. మామగారు నా వైపు చూడకుండా కండువా సర్దుకున్నారు. ఇంకోసారి చెబుదామని నోరు తెరిచాను. ఎంత చెప్తే అంత మంచివాణ్ణయిపోతానని అర్థమై ఊరుకున్నాను. 

"బాబూ, ఆ ఫోనొకసారి దాని చేతి దగ్గరగా పెట్టండి" అంది ఆవిడ. "ఉంగరం సరిగ్గా కనబడట్లేదు."

దగ్గరగా పెట్టాను. ఆవిడ చాలని చెప్పేదాకా చెయ్యి కదపలేదు.