శిగం రాని ఓదెమ్మ

ఓదెమ్మక్క ఇల్లు, మా ఇల్లు ఒకే గోడకు అటూ ఇటూ. నర్సింహులపేట నుంచి ఆటోలో వచ్చినవాళ్లు మా వాడ మొదట్లో దిగి "శివసత్తి ఇల్లేది?" అని అడిగితే, గుమ్మంలో కుట్టుమిషన్ వేసుకుని కూర్చునే నేనే చేయి చూపించేదాన్ని. ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఊళ్లో తక్కువ. తలనెరిసిన మగవాళ్లు కూడా కాళ్లు మొక్కేవారు. మల్లన్న దేవుడి పేరున నేల మీద రంగుల పొడులతో పట్నం వేసి, ఒగ్గు పూజారులు డోలు అందుకుంటే చాలు, ఆమెకు శిగం వచ్చేది. దేవుడు ఒంటి మీదికి వచ్చినట్టు. జుట్టు విరబోసుకుని ఊగుతూ ఆమె చెప్పిన మాటకు ఎదురుండేది కాదు. పొలం ఎప్పుడమ్మాలి, పిల్లనెవరికివ్వాలి, బోరెక్కడ వేయాలి, అన్నీ ఆమెనే అడిగేవారు. బోర్ల సంగతిలో మాత్రం మల్లన్న కొన్నిసార్లు తప్పాడని నా లెక్క. పక్కింటి దేవుడితో తగవెందుకని పైకి అనలేదు.

శిగం దిగాక ఒళ్లు చల్లబడి, గోడకు జారగిలబడేది. నేను చెంబుతో నీళ్లిస్తే గటగటా తాగి, "నేనేమన్న సుగుణా?" అని అడిగేది. చెప్పేదాన్ని. వేరేవాళ్ల ముచ్చట విన్నట్టు వినేది. అందులో నాటకం లేదు. అన్నేళ్లు పక్కనుండి చూసినదాన్ని, ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను.

ఆమె భర్త సోమనర్సయ్య బావ గొర్లు కాస్తాడు. ఊరందరితో సరసాలాడే మనిషి, ఇంట్లో మాత్రం పిల్లి. "లొల్లి మొదలువెట్టినంక గటు దిక్కు ఓదెమ్మ ఉన్నదో మల్లన్న ఉన్నడో తెల్వది గద," అనేవాడు. వారం వారం అంగడికి పోతూ ఏం తేవాలని గుమ్మంలోంచి అడిగేవాడు. "నీ ఇష్టం," అనేది ఆమె. శివసత్తి అయినప్పటి నుంచి చేపా మాంసమూ, నీసన్నదే మానేసింది, ఆదివారాలు ఒక్కపూటే తినేది. తనకేం తినాలనుందో ఆమె అనగా నేను వినలేదు.

మొదటిసారి శిగం ఎప్పుడొచ్చిందో ఊరందరికీ తెలిసిన కథే. కొడుకు ఐలేశ్ అప్పుడు చంకలో పిల్లవాడు. వాంతులు, విరేచనాలు పట్టుకుని వాడిపోయాడు. ఇంటి దేవుడికి కోపమొచ్చిందని, పట్నం వేస్తే తగ్గుతుందని అత్త పట్టుబట్టింది. కొత్త కోడలిని ఎవరడుగుతారు? పట్నం దగ్గర డోలు మోగుతుండగా ఓదెమ్మ ఒక్కసారిగా ఊగిపోయి, "పోరన్ని మానుకోట దవాఖానకు తీస్కపోండ్రి," అని అరిచిందట. అత్త చెంపలేసుకుంది, మామ బండి కట్టాడు. పిల్లవాడు బతికాడు. ఇప్పుడు జనగామలో బైకులు బాగుచేసే షెడ్డులో పనిచేస్తున్నాడు, పెళ్లీడు దాటుతున్నాడు.

పోయిన ఉగాదికి మా వాడలోనే ఒకరింట్లో పట్నం వేశారు. డోలు ఎంత కొట్టినా ఓదెమ్మక్క నిలబడ్డది నిలబడ్డట్టే ఉంది. పూజారులకు చెమటలు పట్టాయి. చివరికి ఆమె తల విదిలించింది, ఊగింది, పంటలు మంచిగా అవుతాయని ఏదో చెప్పింది. అందరూ దండం పెట్టారు. నేను నీళ్లిచ్చాను. తాగింది గానీ, "నేనేమన్న" అని అడగలేదు. ఈసారి దేవుడు రాలేదని నాకప్పుడే తెలిసిపోయింది.

మైల తగిలి ఉంటుందనుకుని ఆమె ఉపవాసాలుంది. కురవి పోయి వీరభద్రస్వామి గుడి ముందు పొద్దంతా కూర్చుని వచ్చింది. ఏమీ కాలేదు. దేవుడు రాకపోతే ఆమె ఎవరు? ఊరికి శివసత్తి, భర్తకు సగం దేవుడు, కొడుక్కు దండం పెట్టాల్సిన తల్లి. ఆ సగం తీసేస్తే మిగిలేదేమిటో ఆమెకే తెలియదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మా గుమ్మంలో కూర్చునేది. నాకు ఏడుపొచ్చేది.

సరిగ్గా అప్పుడే బావకు మోకాలు వాచింది. గొర్ల వెంట ఆమె పోవాల్సి వచ్చింది. గొర్ల వెనక నడిచే మనిషికి ముచ్చట పెట్టడానికి తనకు తానే తోడు. పొద్దున పోయి పొద్దుగూకి వచ్చేది, కాళ్లు కడుక్కుని నా మిషన్ పక్కన కూర్చుని ఆ రోజు ఎంతవరకు ఆలోచించిందో చెప్పేది. ఒకరోజు పాత సంగతి తీసింది.

"ఐలేశుగానికి పాణం బాగలేనప్పుడు, దవాఖానకు తీస్కపోవాలె అని నేను ముందుగాలనే అనుకున్న. నోట్లెనే పెట్టుకొని ఇల్లంత తిరిగిన. దేవుడొచ్చి చెప్పింది గూడ గదే మాట. మరి గది ఎవ్వలిది సుగుణా?"

జాకెట్టుకు చేతులు అతికిస్తున్న నేను, దేవుడిదే అయ్యుంటుందని తేలిగ్గా అన్నాను. ఆమెకు కోపమొచ్చింది.

"దేవునిదైతె దేవునిదే. నేను కాదంటలేను. గని నాది గూడ అయితది గద."

మిషన్ ఆపాను. ఆమె మొహం చాలా రోజుల తర్వాత తేటగా ఉంది. ఆ మాట దొరకడానికి గొర్ల వెంట ఎండలో ఎన్నాళ్లు నడిచిందో, పాపం.

ఇంతలో టేకుమట్ల నుంచి ఓదెమ్మక్క తమ్ముడు సంజీవ ఫోన్ చేశాడు. తన బిడ్డ రేణుకను ఐలేశుకు ఇవ్వాలన్నది సంజీవ కోరిక. మేనరికం, చిన్నప్పుడే అనుకున్న మాట. ఓదెమ్మక్కకు కూడా ఆ పిల్లే కోడలిగా రావాలని ఆశ. రేణుకకేమో భూపాలపల్లిలో నర్సింగు సీటు వచ్చింది. చేరతానని తండ్రికి రెండు మూడుసార్లు చెబితే, లగ్గమయ్యాక చూద్దామని కొట్టిపారేశాడు. ఆ తర్వాత ఒకరోజు వాళ్ల పక్కింటి పట్నం దగ్గర పిల్ల ఊగిపోయి, ఈ లగ్గం చేస్తే ఊరుకోనని దేవుడి గొంతుతో అరిచింది. సంజీవ హడలిపోయాడు. రేణుక తల్లి సాలమ్మ మాత్రం అదంతా నాటకమంది. అది దేవుడో నాటకమో అక్క వచ్చి తేల్చాలి. దేవుడైతే మెడలో గవ్వల దండ వేసి శివసత్తిని చేస్తారు, ఇక ఇల్లు కదలకూడదు. నాటకమైతే వచ్చే ముహూర్తానికే పెళ్లి. ఎటు తేల్చినా పిల్లకు నర్సింగు లేదు.

శిగం రావడం లేదని అక్క తమ్ముడికి చెప్పలేదు. నన్ను తోడు రమ్మంది. తొర్రూరు, హన్మకొండ, పరకాల, బస్సులు మారుతూ పోయాం. ఆడవాళ్లకు టికెట్ లేదు గనుక బస్సు జాతరలా ఉంది. నిలబడే నేను నాకు తోచిన ఉపాయం చెప్పాను. కాస్త ఊగి, పిల్లను చదివించమని మల్లన్న పేరు మీద ఒక్క మాట అనేస్తే గొడవ వదులుతుంది, ఎవరూ కాదనరు. ఆమె పరకాల దాకా కిటికీలోంచి బయటికే చూసింది.

సంజీవ ఇంటి ముందు పందిరి కింద పట్నం తీర్చారు. వాడంతా వచ్చింది. డోళ్లు మొదలవగానే రేణుక ఊగింది. ఈ పిల్లకు లగ్గం చేస్తే ఇల్లు నిలవదని వీధి చివరికి వినపడేలా అరిచింది. అరుస్తూనే ఒక్క క్షణం కళ్లు తెరిచి తండ్రి మొహం చూసుకుంది. అది నేను చూశాను, అక్క చూసింది. అందరూ అక్క వైపు తిరిగారు. ఆమె లేచి, జుట్టు ముడి విప్పబోయింది. నా ఉపాయమే పాటిస్తోందనుకున్నాను. కానీ ఆ చేతిని అలాగే పైకెత్తి డోళ్లు ఆపమంది.

"తమ్మీ, ఉగాది సంది నా మీదికి దేవుడు వస్తలేడు. గిప్పుడు మాట్లాడేది ఓదెమ్మ."

జనంలో గుసగుసలు. అక్క పోయి రేణుక చేయి పట్టుకుంది.

"కొడుక్కు పాణం మీదికొస్తె నా మాట ఎవ్వలినలే. మల్లన్న వచ్చి చెప్తె ఇన్నరు. గా దేవుడు నాకు ఆసరైండు, ఆయన రుణం తీరది. గని గప్పటి సంది నేను ఏది చెప్పాలన్నా దేవుడే రావాలె. నాకంటు ఒక్క మాట లేకుంట బతికిన. నీ బిడ్డకు గా బతుకు పెట్టకు. గిది దేవుడా నాటకమా అని నన్నడుగుడు బంద్ జెయ్యి. నీ బిడ్డనడుగు."

సంజీవ అడగలేదు. తల వంచుకుని తువ్వాలు నలుపుతూ కూర్చున్నాడు. అప్పుడు అక్కే పిల్ల వైపు తిరిగింది.

"నీకేం గావాలె రేణుకా?"

వీధి చివరికి వినపడేలా అరిచిన పిల్ల ఇప్పుడు తండ్రి వైపు తిరిగింది. చేయి అత్త చేతిలోనే ఉంది. మెల్లగా అన్న మాట ముందు కూర్చున్నవాళ్లకు మాత్రమే వినపడింది.

"నర్సింగుల చేరుత బాపూ. లగ్గం ఇప్పుడొద్దు."

సంజీవ లేచి, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు. దేవుడు రాని శివసత్తిని ఎవడు పిలిచాడని ఒక ముసలాయన గొణిగాడు. పూజారులు డోళ్లు కట్టేసుకున్నారు. కోసిన యాట కూర వాసన వస్తూనే ఉంది గానీ, తినిపొమ్మని మాతో ఎవరూ అనలేదు. నాకు ఆ బాధ కొంచెం ఇప్పటికీ ఉంది. బస్సు కోసం నిలబడితే, నాటకమన్న సాలమ్మే టిఫిన్ గిన్నె పట్టుకుని ఆయాసపడుతూ వచ్చింది. గిన్నె వదినె చేతిలో పెట్టి, పిల్లను తాను చేర్పిస్తానంది. అంతే, తిరిగి పోయింది.

బస్సులో అక్క "నేనేమన్న సుగుణా?" అని అడగలేదు. ఆమె అన్న ప్రతి మాటా ఆమెకు గుర్తుంది.

రేణుక చేరింది. పెట్టె బైకు మీద పెట్టుకుని దింపి వచ్చింది సంజీవే, అక్కతో మాత్రం ఇంకా మాట్లాడడం లేదు. సంబంధం తప్పిందని చెబితే ఐలేశ్ ఫోన్‌లో నవ్వాడట. తననూ ఎవరూ అడగలేదు కదా అన్నాడట. ఇప్పుడు ఆటోలో దిగి శివసత్తి ఇల్లు అడిగేవాళ్లు లేరు. కాళ్లు మొక్కిన పెద్దమనుషులు ఎదురైతే పక్కకు చూసుకుంటూ పోతున్నారు. ఆమెకు బాధ లేదని చెబితే అబద్ధమవుతుంది. ఆదివారం దూరంగా డోలు వినపడితే చేస్తున్న పని ఆపి వింటుంది. మళ్లీ పనిలో పడుతుంది.

మొన్న అంగడి రోజు సోమనర్సయ్య బావ అలవాటుగా ఏం తేవాలని అడిగి, జవాబుతో పనిలేదన్నట్టు నడక మొదలుపెట్టాడు. వెనక నుంచి కేక వినపడింది.

"ఐలేశ్ నాయినా, ఆగు. నేనింక చెప్పలే."

బావ సంచి పట్టుకుని వీధి మధ్యలో నిలబడిపోయాడు. గొడవేమోనని నా వైపు చూశాడు. అక్క గడప మీద నిలబడి ఆలోచిస్తోంది. వెనక ట్రాక్టరు వాడు హారన్ కొట్టాడు. బావ కదల్లేదు.

"చింతచిగురు తే," అంది చివరికి. "ఎండు రొయ్యలు గూడ."

నా పెళ్లయి ఆ గోడ పక్కకు వచ్చి ఇన్నేళ్లు. ఓదెమ్మక్కకు ఏమిష్టమో నాకు ఆ రోజు తెలిసింది.