ఊరంతటికీ ఒకటే కోటు

నా చిన్నప్పుడు మా ఊళ్లో పెళ్లికొడుకులందరికీ కలిపి ఒకటే కోటు ఉండేది. అది ఊరి భూస్వామి పటేల్‌ది. ఆయన తన పెళ్లికి హైదరాబాద్‌లో కుట్టించుకున్న నల్ల సూటులోని కోటు అది. పెళ్లి కుదిరిన ప్రతివాడూ ముందురోజు వెళ్లి ఆయన అరుగు కింద నిలబడేవాడు. పటేల్ తన చేతులతో కోటు తొడిగి, భుజం తట్టి, "మన కోటేరా, పైలంగ చూసుకో" అనేవాడు. పందిట్లో అన్నం తింటూ పక్కవాళ్లకు మళ్లీ అదే చెప్పేవాడు. కోటు తిరిగిచ్చిన పెళ్లికొడుకు ఆ ఏడు నాట్లకో కోతలకో పటేల్ పొలంలో ఊరికే ఒళ్లు వంచాల్సిందే. అలాగని ఎవరూ అడిగేవారు కాదు, ఎవరికీ తప్పేదీ కాదు.

పోనీ, ఆ కోటు ఒక్కడికైనా సరిపోయిందా అంటే అదీ లేదు. పటేల్ బానపొట్ట ఉన్న పొట్టి మనిషి. పొడుగువాళ్లకు మణికట్లు బయటికొచ్చేవి, బక్కవాళ్లు దుప్పటి కప్పుకున్నట్టు కనిపించేవాళ్లు. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, ఇక్కడ సోకు కూడా లేదు. ఆ పెళ్లి ఫోటోలు ఇప్పటికీ కొన్ని ఇళ్లల్లో గోడలకు వేలాడుతున్నాయి. వాటిని చూసి మా పిల్లలు నవ్వుతారు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది.

అరవై తొమ్మిదిలో తెలంగాణ కావాలని పోరగాళ్లంతా రోడ్డెక్కినప్పుడు కాలేజీలు మూతపడ్డాయి. వరంగల్‌లో చదువుతున్న మా చిన్నాయిన, అంటే మా నాన్న తమ్ముడు, పెట్టె సర్దుకుని ఇంటికొచ్చాడు. ఖాళీగా ఉన్నవాడిని చూస్తూ ఊరుకోలేక మా తాత కురవి దగ్గర పిల్లను చూసి పెళ్లి ఖాయం చేశాడు. పటేల్ దగ్గరికి పోయి కోటు సంగతి కూడా చెప్పి వచ్చాడు.

ఆ వారమే బడి ముందర మీటింగు పెట్టారు. అందులో అందరికన్నా పెద్ద గొంతు పటేల్‌దే. "మన కొలువులు మనకే గావాలె. ఇంకొకని దయ మీద బతుకుడేంది" అన్నాడు. పొద్దున్నే ఆయన పొలంలో ఊరికే నాట్లేసి వచ్చినవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. మా చిన్నాయిన అరచేతులు ఎర్రబడేలా కొట్టాడు. సిగ్గులేనితనానికి అంత చక్కటి గొంతు ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

మా మేనత్త మాత్రం చప్పట్లు కొట్టలేదు. భర్త పోయాక పుట్టింట్లోనే ఉండి మగవాళ్లతో సమానంగా సేద్యం చేసిన మనిషి ఆమె. నోరు కొంచెం పదును. ఇంటికి రాగానే చిన్నాయినను అడిగింది.

"కొలువు ఇంకొకని దయ మీద వద్దంటివి. మరి కోటు సంగతేందిరా?"

తాత అందుకున్నాడు. "ఒక్కపూట ముచ్చటకు సూటు కుట్టిస్తరా? మనమేమన్న పటేండ్లమా?"

"ఒక్కపూట తొడిగితె ఏడాది గులాంగిరి. దానికన్న కుట్టించుడే అగ్వ, పైసలు తక్కువ పడ్తయి," అన్నది అత్త.

ఖర్చు తనదేనని అత్త అనేసరికి తాత కూడా కదిలాడు. మర్నాడు మేమందరం జనగామ బయల్దేరాం. బస్సులో అర టికెట్టు వయసే కాబట్టి నన్నూ ఎక్కించారు. బంద్ భయంతో బట్టల సేట్లు ఒక తలుపు రెక్క మాత్రమే తెరిచి కూర్చున్నారు. మా వాలకం చూడగానే సేటు తళతళ మెరిసే గుడ్డ ఒకటి మా ముందర పరిచాడు. ఊరివాళ్లు మెరుపుకే పడిపోతారని ఆయన నమ్మకం. అత్త దాని అంచు పిడికిట్లో నలిపి వదిలింది. ముడతలు అలాగే నిలిచిపోయాయి. దాన్ని పక్కకు నెట్టి, మంచి తానుల చివర్లో మిగిలిన ముక్కలు తీయమన్నది. అట్లా దొరికింది బూడిద రంగు ఉన్ని గుడ్డ, ప్యాంటుకూ కోటుకూ కచ్చితంగా సరిపోయేంత.

చిన్నాయిన నసిగాడు. "నల్లది లేదా అక్కా? పటేల్‌ది నల్లదే గదా."

"పటేల్‌ను ఇడిసిపెట్టి అచ్చినమా, ఎంట తెచ్చుకున్నమా?" అన్నది అత్త.

కోటు లోపలి గుడ్డకు ఆమె ఇంటి నుంచే తన పెళ్లిచీర మడిచి తెచ్చింది. గుండీలు మామూలువే కొన్నది. మిగిలిందంతా కుట్టుకూలికి దాచింది. గుడ్డ ఎంత మంచిదైనా కుట్టు చెడితే గోనెసంచే అని ఆమె వాదన.

దర్జీ దగ్గర తాత తన తెలివి చూపించాడు. "జర వదులుగ కుట్టు. రేపు ఇంట్ల ఇంకొకనికి, ఎల్లుండి మనుమనికి అక్కరకొస్తది." మా ఇంట్లో ఏది కుట్టించినా ఇంతే. నా గౌన్లన్నీ నాకు సరిపోయే రోజుకు చిరిగిపోయేవి.

అత్త టేపు పట్టుకున్న దర్జీని తన తమ్ముడి వైపు తిప్పింది. "అందరికి అచ్చేటట్టు కుడితె ఎవ్వనికి రాదు. వీని భుజాలకే కుట్టు."

పెళ్లిరోజు పటేల్ ఊరుకోలేదు. ఎలాగూ అడుగుతారనుకున్నాడో, అడిగించుకోవాలనుకున్నాడో, జీతగాడి చేతి మీద నల్ల కోటు వేయించుకుని మరీ పందిట్లోకి వచ్చాడు. చిన్నాయిన పీట మీద బూడిద రంగు సూటులో నిటారుగా కూర్చుని ఉన్నాడు. భుజాల దగ్గర ఒక్క ముడత లేదు. తాత గబగబా లేచి నిలబడ్డాడు.

"గీ కోటు ఎవలిచ్చిండ్రు?" అన్నాడు పటేల్.

"ఎవలియ్యలె పటేలా. నాదే."

పటేల్ అన్నానికి ఆగలేదు. ఆయన వెనక జీతగాడు నవ్వు దాచుకోలేక కోటును ముఖానికి అడ్డం పెట్టుకోవడం నేను చూశాను.

కథ ఇక్కడితో అయిపోతే నేను ఇంతగా గుర్తుపెట్టుకునేదాన్ని కాదు. రెండు నెలలకు, పెళ్లి కుదిరిన పక్క వాడ అబ్బాయి ఒకడు మా ఇంటికి వచ్చి చిన్నాయిన కోటు ఒక్కపూటకు అడిగాడు. మా తాత మంచం మీద సర్దుకుని కూర్చున్నాడు, గొంతు సవరించుకున్నాడు. అబ్బాయి మంచం ముందర నిలబడ్డాడు. కోటు తెప్పించి, భుజం తట్టడానికి తాత చెయ్యి కూడా ఎత్తాడు.

అత్త వచ్చి ఆ కోటు లాక్కున్నది. "ఇయ్య," అన్నది. అబ్బాయి ముఖం చిన్నబోయింది. తాతకు కోపం వచ్చింది.

"ఇంకో పటేల్‌ను నేను సాదలేను నాయినా," అని, ఆ అబ్బాయి వైపు తిరిగింది. "పొద్దుగాల బస్సుకు రా బిడ్డా. జనగామ పోదాం. ముక్కలు ఏడ దొరుకుతయో నాకెరుకే."

అన్నట్టే పోయింది కూడా.

నలభై అయిదేళ్లకు తెలంగాణ వచ్చింది. మేమే ఇచ్చాం అని వేదికలెక్కి భుజాలు తట్టినవాళ్లను ఎంతమందిని చూశానో. వాళ్ల మీద నాకు గౌరవం ఏ రోజూ కలగలేదు. మొన్న మా ఇంట్లో పనిచేసే ఆమె కొడుకు ఇంటర్వ్యూకు వెళ్లాలంటే, తన పాత కోటు ఇచ్చెయ్యమన్నాడు మా అబ్బాయి. నేను ఇవ్వలేదు. మోకాళ్లు నొప్పి పెడుతున్నా ఆ పిల్లవాడి కొలతకు ఒకటి కుట్టించడానికి అతని వెంట బజారుకు నడిచాను. అరుగు మీద కూర్చుని ఇవ్వడం నాకు ఇప్పటికీ చేతకాదు.