నువ్వు అనే బడి

ఏడో తరగతిలో ఉన్నప్పుడు భాగ్యశ్రీ గొంతును బడివాళ్లే నొక్కేశారు. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీకి విదేశీ దొరలొస్తున్నారని కాన్వెంటులో ఇంగ్లీషు పాట నేర్పించారు. వరుసలో నిలబెట్టాక టీచరమ్మ ఆమె చెవి దగ్గర వంగి, "నువ్వు నోరు మాత్రం ఆడించు. నీ యాస వినపడితే మన పరువు పోతుంది" అంది. సున్నపురాయి గనిలో కూలి చేసే జానమ్మ బిడ్డ పాటంతా ఉత్త నోరు ఆడిస్తూ నిలబడింది. పక్కనే గొంతెత్తి పాడిన అమరేందర్‌కు చప్పట్లన్నీ తనకే పడ్డట్టనిపించింది.

అవే అతనికి దక్కిన చివరి చప్పట్లు. తెలంగాణ వచ్చిన ఏడాది డిగ్రీ అయిపోయింది. పాత పేపర్ల దుకాణంలో నవలలు కొని, నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు తనంతట తానే గట్టిచేసుకున్నాడు. కూలీల కాలనీలోని సర్కారు బడిలో విద్యా వాలంటీరు పోస్టు పడితే అది తనదే అనుకున్నాడు. సరిగ్గా అప్పుడే భాగ్యశ్రీ పుదుచ్చేరి నుంచి దిగింది. అక్కడ ఫ్రెంచి సిస్టర్ల మఠంలో వంట చేస్తూ వాళ్ల భాష పట్టుకొచ్చింది.

అది పిల్లల్లేక మూతపడబోతున్న బడి. తెలుగు పాఠం తప్ప లెక్కలైనా ఆటలైనా అంతా ఫ్రెంచిలోనే చెప్తానని భాగ్యశ్రీ మండల విద్యాధికారి వెంటపడింది. "ఒక్క ఏడాది చూద్దాం. ఫ్రెంచి తెలిసిన లెక్చరర్ వచ్చి బాగుందంటే బడి ఉంటది. లేదంటే పక్క ఊరి బడిలో కలిపేస్తం" అన్నాడాయన. ఆమె ఇల్లిల్లూ తిరిగింది. "ఇంగ్లీషు యాడనైన దొరుకుతది పెద్దమ్మా, గిది యాడ దొరుకుతది? ఉత్తగ చెప్త, జర పిల్లలను తోలియ్యి." బడి నిండింది.

పోస్టు ఆమెకు పోయేసరికి అమరేందర్‌కు కడుపు మండిపోయింది. బడి ఎదుటి చాయ్ హోటల్లో కూర్చుని, "బండలు కొట్టేటోళ్ల పిల్లలకు ఫ్రెంచి ఎందుకే? ప్యారిస్‌ల బండలు కొట్టనీకి పిలిచిన్రా?" అనేవాడు.

"పిలిస్తె నిన్ను గూడ తీస్కపోతం తియ్‌రా, సుత్తె మోద్దువు గని" అని నవ్వుకుంటూ పోయేది భాగ్యశ్రీ.

ఆ నవ్వు అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు. గుట్టుగా ఫ్రెంచి పుస్తకం తెప్పించుకుని, ఆమెను దాటిపోవాలని చదివాడు. చివరికి తప్పు దొరికింది. మన నువ్వు, మీరు లాగే ఆ భాషలో దగ్గరివాళ్లను 'తు' అంటారు, గౌరవమివ్వాల్సిన వాళ్లను 'వూ' అంటారు. ఈ బడి పిల్లలు మాత్రం మనిషి కనపడ్డా మేక కనపడ్డా 'తు' అనే అంటున్నారు. అతను ఆగలేదు. నేరుగా పోయి విద్యాధికారి చెవిన వేశాడు.

లెక్చరర్ కమలాకర్ వచ్చిన రోజు అమరేందర్ కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. పుష్ప అనే పిల్ల బెదురు లేకుండా లేచి, అన్నం తిన్నవా అని ఫ్రెంచిలో అడిగింది. విప్పారిన కమలాకర్ ముఖం అంతలోనే ముడుచుకుంది.

"పెద్దవాళ్లను నువ్వంటారా అమ్మా?"

"మా బాపును గూడ నువ్వే అంట గద!" అంది పుష్ప.

పిల్లలు గొల్లుమన్నారు. కమలాకర్ నవ్వకుండా భాగ్యశ్రీ వైపు తిరిగాడు. "మరి మీరెందుకు నేర్పలేదు?"

ఆమె ముఖం మాడిపోయింది. "మఠంల నన్నెవ్వరు వూ అనలే సార్, వంటమనిషిని. వూ అంటె మందిని పిలిచేటిది అనుకున్న. సిస్టర్లను గూడ తు అనేదాన్ని. నవ్వేటోళ్లు గని, గిది తప్పని ఒక్కలు చెప్పలే."

కమలాకర్ దసరా సెలవుల తర్వాత మళ్లీ వస్తానని, అప్పటికి ఈ తప్పు దిద్దితే బడి ఉంచమని రాస్తానని చెప్పాడు. "ఎవరిచేత నేర్పించాలె సార్?" అని భాగ్యశ్రీ అంటే, వెంట వచ్చిన విద్యాధికారి, "మీ అమరేందర్ లేడా? ఈ సంగతి నాకు చెప్పిందే ఆయన" అనేశాడు.

ఆ సాయంత్రమే ఆమె చాయ్ హోటల్ ముందుకు వచ్చింది. అతన్ని చిన్నప్పటి నుంచి అరే, ఒరే అనే మనిషి. తిడుతుందనుకుని అతను నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాడు. వాటి అవసరం పడలేదు. ఆమె కూర్చోలేదు, గొంతు పెంచలేదు.

"అమరేందర్ సారూ, రేపు మీరొచ్చి మా పిల్లలకు వూ అనుడు నేర్పుండ్రి. నేను పక్కన నిలవడి ఉత్త నోరాడిస్త."