హాల్లో గాజు చెరువు

"నీళ్ళు అద్దంలా ఉన్నాయండీ" అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అద్దంలాంటి నీళ్ళలోనే నా రెండు చేపలూ చచ్చాయి. కనపడే మురికిని ఎవరైనా చూస్తారు. కనపడనిదాన్ని చూడ్డం కోసమే కదా నేను రెండేళ్ళు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివింది! ఆ చదువు మా అత్తవారింట్లో పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో చూడ్డానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు.

మావి భీమవరం పక్కన రొయ్యల చెరువులు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, వరసగా రెండు పంటలు కలిసొచ్చి, పాతింటి పక్కనే కొత్త ఇల్లు కట్టాం. మా ఆయన చెన్నైలో ఏదో హోటల్లో సముద్రపు చేపల అక్వేరియం చూసొచ్చారు. ఇక నిద్రపట్టలేదు మనిషికి. హాలుకీ భోజనాల గదికీ మధ్య గోడ కొట్టించి ఆరడుగుల గాజు తొట్టి పెట్టించారు. పగడాలు, రాళ్ళు, చేపలు, అన్నీ అందులో ఉండాలట. తొట్టితో పాటు వచ్చిన టెస్ట్ కిట్ నా చేతిలో పెట్టి, "ఇదిగో, నీ చదువు ఇన్నాళ్ళకి పనికొచ్చింది" అని నవ్వారు. కాలేజీలో వచ్చిన లెక్చరర్ ఉద్యోగాన్ని పెళ్ళికి ముందు మాన్పించింది వీళ్ళే. నవ్వుతారా! ఆ మాటకి నేనూ నవ్వాను, అదీ నా మీద నాకు కోపం.

మొదటి గొడవ నీళ్ళ దగ్గరే వచ్చింది. మా మావయ్యగారు నన్నడక్కుండా నరసాపురం వైపు నుంచి ఒక ట్యాంకర్ ఉప్పునీళ్ళు తెప్పించేశారు. బకెట్‌లో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, "ఇరవై ఆరు ఉంటుందమ్మా ఉప్పు" అన్నారు. మీటరు పెట్టి చూస్తే లీటరుకి సరిగ్గా ఇరవై ఆరు గ్రాములే! ఆ నాలుకకి దణ్ణం పెట్టాలి, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ కాలవల మురుగంతా కలిసిన నీళ్ళు అవి.

"ఇవి వద్దండి మావయ్యగారూ. ఫిల్టర్ నీళ్ళలో చెన్నై నుంచి వచ్చిన అక్వేరియం ఉప్పు కలుపుకుందాం" అన్నాను.

"సముద్రం పక్కన పెట్టుకుని ఉప్పు కొనుక్కుంటారా ఎవరైనా?" అని ఆయన పెద్దగా నవ్వారు. ఆ వారమంతా ఇంటికి ఎవరొచ్చినా వాళ్ళకి ఆ కథే. "మా కోడలు ఉప్పునీళ్ళు తయారుచేస్తోందండి" అని. నేను పళ్ళు బిగపట్టుకుని డ్రమ్ముల్లో ఉప్పు కలిపాను. చేతులు పగిలిపోయాయి.

తర్వాత చెన్నై నుంచి రాళ్ళు వచ్చాయి. సముద్రంలో పెరిగిన రాళ్ళు, వాటి మీద ఒక పగడం, రకరకాల జీవాలు. దారిలో సగం చచ్చి, కంపు కొడుతున్నాయి. కొత్త తొట్టిలో జరిగేది ఇదే. చచ్చినవి కుళ్ళి అమోనియా పుడుతుంది. అమోనియాని తినే బాక్టీరియా మెల్లగా పెరుగుతుంది. అది పెరిగేదాకా, అంటే నెలా నెలన్నర, చేప వెయ్యకూడదు. పొద్దున్నే చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి, రంగు చూసేదాన్ని. పసుపు వస్తే అమోనియా లేనట్టు. ఆకుపచ్చ వస్తే ఉన్నట్టు. రోజూ ఆకుపచ్చే. ఆ అంకె ఒక నోట్‌బుక్‌లో రాసి పాతింట్లో టీవీ పక్కన పెట్టేదాన్ని.

మావయ్యగారు రోజూ తొట్టి ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. "ఏంటమ్మా, ఇన్ని రోజులైనా నీళ్ళకి రంగు రాలేదు?" అనేవారు. రొయ్యల చెరువులో నీళ్ళు పచ్చగా, కాస్త గోధుమ రంగుగా తిరిగితేనే మంచి చెరువు. తేటగా ఉంటే తిండిలేని చెరువని లెక్క. ఒకరోజు బెల్లం, తవుడు పులియబెట్టిన బకెట్ తీసుకొచ్చి తొట్టి పక్కన పెట్టారు. నేను పరిగెత్తుకెళ్ళి దాన్ని పెరట్లో పారబోశాను. ఆయన ఆ పూట భోజనం దగ్గర నాతో మాట్లాడలేదు.

"చేపలు ఎప్పుడు?" అని ఇంట్లో అందరూ నా ప్రాణం తీసేవారు. "నీళ్ళు ఇంకా తయారవలేదండి" అనేదాన్ని. అంతకు మించి ఎవరికీ ఏమీ చెప్పేదాన్ని కాదు. నాలుకతో ఉప్పు చూసే మనిషికి నా టెస్టులు ఏం అర్థమవుతాయిలే అనుకునేదాన్ని. ఒక్కరోజు మాత్రం, పగడానికి ఏం తిండి పెడతారమ్మా అని ఆయనే అడిగితే, "దానికి కాల్షియం కావాలండి, ఎముకలకి కావాల్సినట్టు" అన్నాను. ఆయన తలూపారు.

ఇంతలో గృహప్రవేశం ముహూర్తం వచ్చింది. పాలు పొంగించాక అదే ముహూర్తానికి తొట్టిలో చేపలు వదలాలని మా ఆయన చెన్నైకి ఫోన్ చేసేశారు, నాకు చెప్పకుండా. ఆ రోజు పొద్దున్న రంగు చూశాను. పచ్చ. సున్నా ఉండాల్సిన అమోనియా రెండు పీపీఎం ఉంది. ఆయన్ని గదిలోకి పిలిచి, "ఏవండీ, ఇంకో పది రోజులు ఆగండి. ఈ నీళ్ళలో వేస్తే చస్తాయి" అన్నాను. నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"బంధువులంతా వచ్చాక ఖాళీ తొట్టి చూపించమంటావా?" అన్నారాయన. "శుభమా అని ఇంట్లో పని జరుగుతుంటే చావు మాటలేంటి?"

ఇక మా అత్తయ్యగారు. నేను కాపురానికి వచ్చిన ఏడాది చెరువులో రొయ్య పిల్ల వదిలేటప్పుడు, పిల్ల వచ్చిన నీళ్ళ కవర్లలో మొదటిది నా చేత విప్పించారు. ఆ పంట బ్రహ్మాండంగా పండింది. అప్పట్నుంచి మా ఇంట్లో ఏ చెరువుకైనా మొదటి కవరు నా చేతి మీదుగానే విప్పాలి. "నీ చెయ్యి పడితే ఏమీ కాదమ్మా" అని నా నుదుట బొట్టు పెట్టి, కవరు నా చేతికిచ్చారు. అందులో రెండు చేపలు, నారింజ రంగు మీద తెల్ల చారలు, నా బొటనవేలంత ఉన్నాయి. చుట్టూ నలభైమంది చుట్టాలు.

విప్పాను. తెలిసీ విప్పాను. నోరు పడిపోయిందా నాకు? అంతమందిలో "వద్దు" అనడానికి ఎంతసేపు పడుతుంది?

అందరూ చప్పట్లు కొట్టారు. "నీళ్ళు అద్దంలా ఉన్నాయండీ" అన్నారు. రెండో బంతి భోజనాలు లేచేసరికి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచి ఆయాసపడుతున్నాయి. పెరట్లో ఒక డ్రమ్ము నిండా మంచి ఉప్పునీళ్ళు కలిపి దాచాను. సగం నీళ్ళు మార్చేస్తే బతుకుతాయి, ఇంకా టైముంది. పట్టుచీర ఎగ్గట్టి బకెట్ పట్టుకుని పరిగెత్తాను.

నేను తిరిగొచ్చేసరికి తొట్టిలో పాలు పోసినట్టుంది. చేపలు కనపడ్డమే లేదు. మావయ్యగారు ఖాళీ బకెట్ కింద పెట్టి చేతులు దులుపుకుంటున్నారు. కారు షెడ్డులో చెరువుల కోసం తెచ్చిన సున్నం బస్తాలుంటే, దోసెడు సున్నం నీళ్ళలో కలిపి పోసేశారు.

"కాల్షియం కావాలన్నావు కదమ్మా. చేపలు నీరసంగా ఉన్నాయని వేశాను" అన్నారు.

ఓరి దేవుడా! అమోనియా ఉన్న నీళ్ళలో సున్నం పడితే అమోనియా పదింతలు విషమవుతుంది. నా చేతిలో బకెట్ అక్కడే నేల మీద కొట్టాను. కొత్త టైల్సు మీద నీళ్ళు చుట్టాల కాళ్ళ కిందకి పారాయి. సాయంత్రం నీళ్ళు తేరుకున్నాక చూస్తే, రెండు చేపలూ రాళ్ళ మధ్య పక్కకి ఒరిగి ఉన్నాయి. మర్నాటికి పగడం కూడా కుళ్ళింది.

తర్వాత ఎవరి నోటికొచ్చింది వాళ్ళు అన్నారు. చెన్నై కొట్టువాడు చచ్చే చేపలు అంటగట్టాడన్నారు మా ఆయన. దిష్టి తగిలిందన్నారు అత్తయ్యగారు. రోజూ నీళ్ళు తీసి ఆ మందులు చల్లడం వల్లేనని ఒక పెద్దావిడ నా ఎదురుగానే అంది. మందు వేసేది గాజు గొట్టంలో, తొట్టిలో కాదు తల్లీ అని ఎవరికి చెప్పను? మూడు నెలలు ఆ ఇంట్లో అవసరానికి మించి మాట్లాడలేదు నేను. ఖాళీ తొట్టి ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ముఖం తిప్పుకునేదాన్ని.

అప్పుడు కొత్త పంటకి పిల్ల వదిలే రోజు వచ్చింది. అత్తయ్యగారు కుంకుమ భరిణెతో వచ్చి, "పద అమ్మా, కారు సిద్ధంగా ఉంది" అన్నారు.

"నేను రాను" అన్నాను. "నీళ్ళు బాగున్నాయో లేదో తెలీకుండా ఇక దేన్నీ నా చేత్తో వదలను. ఎవరి చేత విప్పించుకుంటారో విప్పించుకోండి."

హాల్లో కూర్చున్న మావయ్యగారు లేచారు. తిడతారనుకున్నాను. ఆయన జేబులోంచి మడత కాగితం తీసి నాకిచ్చారు. ల్యాబ్ రిపోర్టు. ఉప్పు, పీహెచ్, అమోనియా, అన్నీ ఉన్నాయి. అమోనియా ఎదురుగా నిల్ అని ఉంది.

"టెస్ట్ చేయించకుండా పిల్ల వదులుతామా అమ్మా?" అన్నారు.

"చెరువుకైతే చేయిస్తారు. నా తొట్టికి మాత్రం ముహూర్తం చాలు!" అన్నాను.

ఆయన గాజు తొట్టి వైపు చూశారు. "ఆ రోజు అమోనియా ఎంతుందమ్మా?" అని అడిగారు. మూడు నెలల్లో ఆ ప్రశ్న అడిగింది ఆయనొక్కరే.

"రెండు."

"రెండా!" ఆయన ముఖం మారిపోయింది. "అమోనియా ఉన్న నీళ్ళలో సున్నం వేస్తానా నేను? పదేళ్ళ బట్టి చెరువులు చేస్తున్నాను, ఎప్పుడైనా వేశానా? కుర్రాళ్ళు వేయబోతే తిడతాను కదా! ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"ఒక్క మాట అడగలేకపోయారా మీరు?" అని అరిచాను. మావగారి మీద గొంతెత్తడం అదే మొదలు.

ఆ నోట్‌బుక్ నెలకి పైగా టీవీ పక్కనే ఉంది, ఆయన పేపరు చదివే కుర్చీకి చెయ్యి చాపితే అందేంత దూరంలో. ఆయన తెరవలేదు. ఆయనకేం తెలుసులే అని నేనూ తెరిచి చూపించలేదు. నా చదువుని వీళ్ళు ఎలా చూశారో ఆయన చెరువుల చదువుని నేనూ అలాగే చూశాను. చేపల్ని చంపడానికి మాత్రం ఇద్దరం సరిపోయాం.

కారెక్కాను. గట్టు మీద అందరూ నిలబడ్డాక, కవరు విప్పే ముందు, ఆ రిపోర్టు ఇంకోసారి చదివాను. ఈసారి పైకి, మావయ్యగారికి వినపడేలా చదివాను.