సుగుణమ్మగారికి మార్కులు పెరిగిన రోజు

గర్భసంచి జారిన ఆడవాళ్ళ బతుకు ఎలా సాగుతోందో ప్రశ్నలడిగి మార్కులు వెయ్యడం ఆస్పత్రిలో నాకప్పగించిన పని. ఎక్కువ మార్కులొస్తే ఎక్కువ కష్టమన్నమాట. బడిలో నాకొచ్చినవి చూస్తే, ఈ పద్ధతిలో నా అంత సుఖపడ్డ మనిషి ఇంకొకరుండరు.

ఆ మార్చి శనివారం పొద్దున ఎనిమిదింటికి ఢిల్లీలో ఆశ్రమ్ దగ్గర బస్సెక్కాను. బదర్‌పుర్ బోర్డర్‌లో మారాలి. రెండో బస్సులో నిలబడే చోటు దొరికింది. దాన్ని చోటనడం కండక్టరు మర్యాద. పక్కనున్నాయన నా ఫైలు చూసి, సర్వే అయితే తమ గల్లీ నీళ్ళ సంగతి కూడా రాయమని హిందీలో పురమాయించాడు.

పదింటికి ఫరీదాబాద్‌లో సుగుణమ్మగారిల్లు చేరాను. బాపట్ల వైపు వాళ్ళు, కొడుకు ఫ్యాక్టరీ ఉద్యోగంతో ఇక్కడికొచ్చారు. జారిన సంచి నిలవడానికి ఆవిడకి ఈమధ్యే మా ఆస్పత్రిలో లోపల రబ్బరు రింగు పెట్టారు. అంతకుముందు నేనొచ్చి అడిగితే అన్నిటికీ "ఏం ఇబ్బంది లేదమ్మా" అన్నారు. అన్నీ సున్నాలే వేశాను.

కోడలు రూతు బటాణీలు వేసిన ఉప్మా పెట్టింది. తిని, మళ్ళీ అవే ప్రశ్నలు మొదలెట్టాను. బస్సులో ఇబ్బందా? కాస్త ఉందన్నారు. నడిస్తే? దూరమైతే కొంచెం అన్నారు. మార్కులు పెరుగుతూ పోయాయి. కాగితం ప్రకారం చూస్తే, వైద్యం చేసి ఆవిణ్ణి చెడగొట్టాం. నా మొహం చూసి ఆవిడ గొంతు తగ్గించారు.

"ఇబ్బందని రాస్తే రింగు తీసేస్తారా సిస్టర్? రేపు చర్చి క్వయర్‌లో పాడాలి."

ఎవరూ తియ్యరని చెబుతుండగానే రూతు వంటింట్లోంచి అందుకుంది.

"రింగు పెట్టకముందు ఇబ్బందెందుకుంటుంది సిస్టర్, అత్తయ్య గుమ్మం దాటితేగా! దారిలో బాత్రూమ్ లేదని ఢిల్లీ చర్చి కూడా మానేశారు."

పెన్ను కింద పెట్టాను. ఈసారి ఇబ్బంది గురించి కాక, ఏవేవి మానుకున్నారో, ఏవి మళ్ళీ మొదలెట్టారో అడిగాను. సంత, మోకాళ్ళ ప్రార్థన, పొరుగింటి పెళ్ళి, పాట... గళ్ళు చాలక కాగితం వెనక్కి తిప్పాను. ఈ పని మీద వెళ్ళేవాళ్ళు ఇది ముందడగండి, మీకు ఉప్మా అరుగుతుంది.

మూడింటికి బయల్దేరితే ఆవిడా చెప్పులేసుకున్నారు. సాయంత్రం ఢిల్లీ చర్చిలో ప్రాక్టీసట. బస్సులో ఒక్క సీటే ఖాళీ. బతిమాలినా వినక నన్ను కూర్చోబెట్టి, రాడ్డు పట్టుకుని నిలబడి, కూనిరాగం తీస్తూ వచ్చారు. బదర్‌పుర్ దగ్గర బస్సు గతుకులో పడి ఎగిరింది.

"ఇబ్బందిగా ఉందా ఆంటీ?"

"ఉందమ్మా, రాసుకో," అన్నారు నవ్వుతూ. "ఉన్నా వచ్చానని కూడా రాసుకో."